బూడిద లేని చుట్ట

మొన్న పన్ను నొప్పి ఓర్చుకోలేక శ్రీకాకుళంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు పిల్ల, ఓపిగ్గా చూస్తుంది. కుర్చీ వెనక్కి వాల్చి, వేలంత దీపం ఒకటి నా నోట్లో పెట్టి, లోపల వెతుకుతూ, మా జిల్లాల్లో అరవై దాటిన ఆడవాళ్ళందరినీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగింది. చుట్ట అలవాటు ఉందా అమ్మా, ఎప్పుడైనా అడ్డపొగ తాగారా అని. నోట్లో దీపం ఉండగా జవాబు చెప్పలేం కాబట్టి లేదన్నట్టు తల కొంచెం ఆడించాను. సరిగ్గా అప్పుడే పైనున్న దీపపు రేకులో నా మొహం నాకు కనపడింది. ఆ దీపం నా బుగ్గ వెనక ఉంది. బుగ్గ లోపలి నుంచి ఎర్రగా వెలుగుతోంది, పళ్ళ వరస నీడగా తెలుస్తోంది. ఆ మొహం నాది అనిపించలేదు. మా అమ్మది అనిపించింది. ఇంకాస్త చూస్తే మా చెల్లిది.

సముద్రం పక్క ఊళ్ళలో పుట్టిన మన వయసు వాళ్ళకి అడ్డపొగ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు గాని, ఈనాటి పిల్లలకి చెబితే నమ్మరు. చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోటి లోపలికి తిప్పి పెట్టుకుని, పెదాలు మూసి పొగ పీల్చడం. బయటికి కనిపించేది నిప్పు లేని కొసే. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మా ఆడవాళ్ళలో చాలామంది అలాగే తాగేవారు. ఎందుకలా అంటే తలో కారణం చెప్పేవారు. గాలికి ఆరిపోదని ఒకరు, నిప్పురవ్వ చంకలో పిల్ల మీద పడదని ఒకరు, చేపల మీద బూడిద రాలదని ఒకరు. మా అమ్మని అడిగితే ఇవేవీ చెప్పలేదు. వాళ్ళమ్మ అలా తాగేది కాబట్టి తాను తాగుతున్నానంది.

పగటి వేళ అందులో వింతేమీ తెలిసేది కాదు. పొద్దుగూకి, ఇంకా దీపం పెట్టని ఆ కాసేపట్లో తెలిసేది. అమ్మ గుమ్మం పక్కన గోడకి చేరబడి కూచుంటే, పీల్చినప్పుడల్లా బుగ్గ ఎర్రబడి, మళ్ళీ చీకటయ్యేది. అది చూసి భయపడాలని మాకు తెలీదు. చీకట్లో అమ్మ ఎక్కడుందో తెలుసుకోవడానికి మాకు అదే గుర్తు. చుట్ట తీయకుండానే ఆవిడ మాట్లాడేది, బేరాలాడేది, పోట్లాడేది. పెదాలు కదిలేవి కావు. మాట మాత్రం ఎత్తూ పల్లం లేకుండా బయటికి వచ్చేది, లోపల ఇంకెవరో కూచుని పలుకుతున్నట్టు. మా నాన్న వలలు బాగు చేసుకుంటూ నవ్వేవాడు. నోట్లో నిప్పెట్టుకునే ఇన్ని మాటలాడతన్నావు, లేకపోతే ఊరంటించీసుందువే అనేవాడు. అమ్మ నవ్వితే ముక్కులోంచి పొగ వచ్చేది.

అమ్మకి చేతులు ఖాళీ ఉండేవి కావు. చేపలకి ఉప్పు పెడుతూనో, ఎండువి తిరగేస్తూనో, మా ఇద్దరిలో ఎవరో ఒకరిని పిలిచి చుట్ట ఇచ్చి పొయ్యి దగ్గర ముట్టించి తెమ్మనేది. పొయ్యిలో కొస కాల్చినంత మాత్రాన చుట్ట అంటుకోదు. నోట పెట్టుకుని రెండు మూడు దమ్ములు లాగాలి. తెచ్చే దారిలో ఆరకుండా ఇంకొకటి లాగాలి. మా ఇళ్ళలో అది పొగ తాగడం కింద లెక్క కాదు. నీళ్ళు తెమ్మంటే తేవడం ఎలాంటిదో అదీ అలాంటిదే. ఆ పని అందరి ఇళ్ళలోనూ పిల్లలు చేసేవారు, ఎవరికీ తప్పని తోచేది కాదు. నాకు మొదటి దమ్ముకే దగ్గు తెర వచ్చేది, కళ్ళమ్మట నీళ్ళు కారేవి, గుమ్మం చేరేలోగా చుట్ట ఆరిపోయేది. చెల్లి తెచ్చింది మాత్రం ఆరేది కాదు. అమ్మ దాన్ని చూసి మురిసిపోయేది.

“దీని నోట్లో నిప్పు నిలబడతాదర్రా,” అనేది వచ్చినవాళ్ళతో.

మెచ్చుకుంటూ అన్న మాట. మా ఇంట్లో ఆడపిల్లని మెచ్చుకోవడం అరుదు కాబట్టి చెల్లి ఆ మాటని దాచుకుంది. ఎంత దాచుకుందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

అలా పెరిగినా చెల్లి చుట్ట అలవాటు చేసుకోలేదు. ఇది చెప్పకపోతే తక్కినది అర్థం కాదు. నేను మిషన్ బడి హాస్టల్లో చదువుకుని, ఆమదాలవలసలో లైబ్రరీ ఉద్యోగంలో స్థిరపడ్డాను. చెల్లి ఆ ఊళ్ళోనే పెళ్ళి చేసుకుంది. మా మరిది ఏడాదిలో సగం గుజరాతు వైపు బోట్ల మీదే ఉండేవాడు. చెల్లి అమ్మ ఇంటి పక్కనే ఇల్లు వేసుకుని, చేపల వ్యాపారం అందుకుని, ఒక్క కూతుర్ని పెంచుకుంది. గంప మోసినా చుట్ట ముట్టలేదు. పైగా అమ్మని దెబ్బలాడేది. కోడి కూయకముందే నోట్లో కొరివి పెట్టుకుంటావని సాధించేది. తోటి ఆడవాళ్ళు దాన్ని మిషనమ్మ అని వేళాకోళం చేసేవారు. మిషన్ బడికి పోయింది నేను, పేరు వచ్చింది దానికి.

రెండువేల పది దాటిన కొత్తలో అమ్మ అంగిట్లో పుండు లేచింది. మొదట కారం మండుతోందని అంది, తర్వాత గంజి కూడా వేడిగా తాగలేకపోయింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చూసి, మమ్మల్ని పక్కకి పిలిచి, నిప్పు తగిలే చోటే వచ్చిందని చెప్పాడు. అంగిలి అంతా తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఒక పక్క చిన్న గుంట. చెల్లి వంగి అంతా చూసింది. నేను ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాను.

ఆ చివరి నెలలు చెల్లే చేసింది. చెమ్చాతో గంజి పోసింది, నోరు కడిగింది, గుడ్డలు మార్చింది. పొగ తాగే సత్తువ అమ్మకి అప్పటికే పోయింది. అయినా ముట్టించని చుట్ట నోట్లో పెట్టుకుని పడుకునేది. ముట్టించనిదే అయినా ఒక కొస చూసి మరీ తిప్పి పెట్టుకునేది. బుగ్గలు లోపలికి పోతూ వస్తూ ఉండేవి. వెలుగు లేదు, పొగ లేదు, పీల్చడం మాత్రం ఉంది. అలా పీలుస్తూనే ఒక తెల్లవారుజామున ఆగిపోయింది.

మాలో పోయినవాళ్ళకి దినాలు అయ్యేదాకా సాయంత్రం పూట దీపం దగ్గర వాళ్ళకి ఇష్టమైనవి పెడతారు. అమ్మకి ఇష్టమైనది ఏమిటో ఎవరూ ఆలోచించనక్కరలేదు. అన్నం, చేపల పులుసు పక్కన, కుండపెంకు మీద ముట్టించిన చుట్ట ఒకటి పెట్టారు. ముట్టించే పని చెల్లికే అప్పజెప్పారు. పెట్టి తలుపు దగ్గరికి వేసి, అందరం బయట కూచున్నాం. తలుపు తీసి చూస్తే చుట్ట కొస కాస్త నల్లబడి ఆరిపోయి ఉంది.

అందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. మా వైపు పొగాకు పచ్చి మీద చుడతారు, పీల్చే నోరు లేకపోతే అది కాలదు. అది ఆ ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. కాని చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఆ ఆరిన చుట్ట చూసి కూలబడి ఏడ్చింది. అప్ప ముట్టలేదు, అప్పకి మన మీద ఏదో కోపం ఉండిపోయింది, ఆకలితో తిరుగుతోంది అని. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఎవరు ఎప్పుడు ముసలిదాన్ని ఏమన్నారో తవ్వి తీసుకుని, ఒకరి మీద ఒకరు నెట్టుకున్నారు. ఎక్కువ మాటలు పడింది చెల్లే. చుట్ట మానమని సాధించింది అదే కదా అన్నారు.

మర్నాటి సాయంత్రం తలుపు తీసేసరికి పెంకు మీద చుట్ట దాదాపు లేదు. వేలి కణుపంత ముక్క మిగిలింది. చిన్నమ్మ దీపం దగ్గరికి జరిగి, పెంకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మెల్లిగా అంది.

“బూడిద నేదు, సూసినారా. గాలికి కాలితే బూడిద ఉండాల. మా అప్ప తాగినాది. అడ్డపొగే తాగినాది.”

అందరం వంగి చూశాం. నిజమే, పెంకు మీద చిటికెడు బూడిద లేదు. అడ్డపొగ తాగితే బూడిద నోట్లోనే ఉండిపోతుంది. పెంకు ఇంటింటికీ తిరిగింది. పక్క వీధి ఆడవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఒకావిడ, బతికున్నప్పుడు పులుసు కన్నా సుట్టే ముందు కదా ఆవిడకి, సచ్చినా బుద్ధి మారనేదని నవ్వింది. అందరూ నవ్వారు. అమ్మ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు. ఆ వేళ అందరూ కడుపు నిండా తిన్నారు. నేను నాలుగు పుస్తకాలు చదివినదాన్ని, ఇలాంటివి నమ్మను. అయినా ఆ ముక్కని చూస్తే నాకూ ఊరటగానే ఉంది. మర్నాడు తలుపు తీసే వేళకి అందరికన్నా ముందు గుమ్మం దగ్గర నిలబడింది నేనే.

అలా రోజూ చుట్ట కాలిపోయింది. రోజూ బూడిద లేదు.

ఒక సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. ఇంట్లోంచి పెరట్లోకి చిన్న తలుపు ఒకటి ఉంది, అది వేసే అలవాటు మాకు లేదు. తాటాకు తడిక పక్కన ఎవరో గోడ వైపు తిరిగి నిలబడ్డారు. సముద్రం మీంచి మసక దిగుతోంది. మొదట నాకు కనపడింది ఎర్రబడి ఆరుతున్న బుగ్గ. అది ఎరుపెక్కినప్పుడు అమ్మ దవడ కనపడింది. అమ్మ చెంప ఎముక, అమ్మ ముక్కు. పిలవాలనిపించింది, పిలిస్తే తిరుగుతుందని భయం వేసింది. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. ఆ మనిషే తిరిగింది. చెల్లి.

నోట్లో ముక్క తీసి కొంగుతో పెదాలు తుడుచుకుంది. తప్పు చేసి దొరికినట్టు లేదు దాని మొహం. పని మధ్యలో ఎవరో అడ్డొచ్చినట్టు ఉంది. చిన్నమ్మ ఏడుపు చూడలేక చేశానని చెప్పింది. ఆ పెంకు చుట్టూ అందరూ చేరి నవ్వారు కదా అప్పా, ఇప్పుడు ఆరిపోతే మళ్ళీ ఏడుస్తారు, దినాలు అయ్యేదాకానే కదా అంది. నాకూ అదే న్యాయంగా తోచింది. పెరటి తలుపులోంచి లోపలికి వెళ్ళి, ముక్క పెంకు మీద పెట్టి వెళ్ళిపోయింది. కాసేపటికి ముందు తలుపు తీశారు. లోపల చిన్నమ్మ సంతోషంగా ఏదో అనడం వినపడింది.

దినాలు అయిపోయాయి. చెల్లి అమ్మ ఫొటో ముందు చుట్ట పెట్టడం మానలేదు. నేను నెలకోసారి రైల్లో కోటబొమ్మాళి దిగి, ఆటోలో ఊరికి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా పొద్దుగూకే వేళకి అది పనులన్నీ ఆపేసి కాళ్ళు కడుక్కునేది. చుట్ట ముట్టించి ఫొటో ముందు పెట్టేది, కొంచెంసేపు చూసేది, ఆరిపోబోతోందనగా తీసి నోట్లో పెట్టుకునేది. మొదట పెరట్లోకి వెళ్ళి తాగేది. తర్వాత గుమ్మం పక్కన, అమ్మ చేరబడి గోడ నున్నబడిన చోటే కూచుని తాగింది. అమ్మకి పెడుతున్నానని అనేది. ఆపమంటే, మధ్యలో ఎలా ఆపుతానప్పా, అలవాటు పడిన మనిషి కదా అనేది. ఆ అలవాటు పడిన మనిషి ఎవరో అడగాలని నాకు నోటిదాకా వచ్చేది.

వాళ్ళ పిల్ల అప్పటికి హైస్కూల్లో చదువుతోంది. మా అమ్మ రెండు పూటలా తాగుతోంది పెద్దమ్మా అని ఒకసారి నా చెవిలో చెప్పింది. పొద్దున్నది ఎవరికి పెడుతోందో తెలీదంది.

ఎలాగో ఒప్పించి చెల్లిని ఆమదాలవలస తీసుకొచ్చి నా దగ్గర ఉంచుకున్నాను. అక్కడ అది చుట్ట ముట్టలేదు. ఇంట్లో పొయ్యి లేదు, ఫొటో లేదు, సముద్రపు గాలి లేదు. మొదట్లో చిరాకు పడింది, తలనొప్పి అంది, నిద్ర పట్టలేదు, తర్వాత నెమ్మదించింది. మా ఇంటాయన దాన్ని ఆటపట్టించేవాడు, మీ ఊరి పొగ ఆగిపోతే రైళ్ళు ఎలా నడుస్తాయి మరదలా అని. అది నవ్వేది. గెలిచామనుకున్నాను. ఒక మధ్యాహ్నం అది చాప మీద నిద్రపోతుంటే, నేను పక్కన కూచుని పుస్తకం చదువుకుంటున్నాను. ఎందుకో తలెత్తి చూశాను. దాని బుగ్గలు లోపలికి పోయి వస్తున్నాయి. పెదాలు మూసే ఉన్నాయి. ఆగి ఆగి, నింపాదిగా, తొందర లేని మనిషి పీల్చినట్టు. నేను లేపాను. ఏమిటప్పా అంది. ఆ రెండు మాటలకీ దాని పెదాలు కదల్లేదు.

అలవాట్ల గురించి నేను చాలా చదివాను. లైబ్రరీలో అలాంటి పుస్తకాలు ఉండేవి, ఆ రోజుల్లో ఇంకా తెప్పించుకున్నాను. ఆకులో ఉన్న పదార్థం రక్తంలో కలిసి, లేకపోతే తోచకుండా చేస్తుందన్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు తొందరగా చిక్కుకుంటారన్నారు. చిన్నతనంలో రుచి తెలిసిన శరీరం ఎన్నేళ్ళకైనా మరిచిపోదన్నారు. అవేవీ అబద్ధాలు కావు. చెల్లికి ఆ మూడూ ఉన్నాయి. కాని ఏ పుస్తకంలోనూ కనపడనిది ఇంకొకటి ఉంది. అది తాగితే నలుగురు ఆకలి తీరి నవ్వారు. పోయినావిడ తృప్తి పడిందన్నారు. ఇన్నేళ్ళు గంప మోసినా, గంజి పోసినా, ఎవరూ దాన్ని అంతగా సంతోషంగా చూడలేదు. చూసింది దాన్ని కాదని, పెంకుని అని, దానికి తెలిసినా సరే.

ఆ శీతాకాలం ముందు తుఫాను వచ్చింది. మా తీరం మీద తుఫాన్లు కొత్త కాదు గాని, అది కొబ్బరి చెట్లని వరసగా పడుకోబెట్టింది. మరిది బోటు మీద ఉన్నాడు, పిల్ల హాస్టల్లో ఉంది. గాలి తగ్గగానే చెల్లి ఇల్లు ఏమైందో చూసుకుంటానని నేను వద్దంటున్నా వెళ్ళిపోయింది. ఫోన్లు లేవు, కరెంటు లేదు. రైళ్ళు నడిచిన రోజు నేనూ వెళ్ళాను. మధ్యాహ్నమే, కాని మబ్బు దించుకుని ఉంది, పడిన చెట్లు కిటికీలకి అడ్డం పడి ఇంట్లో చీకటి. చెల్లి ఇంటి కప్పు లేచిపోయింది. అమ్మ ఇల్లు నిలబడింది. లోపలికి వెళ్ళి పిలిచాను. పలకలేదు. అలికిడి లేదు. కాసేపటికి గోడ మూల, మనిషి కూచున్నంత ఎత్తులో, ఎర్రగా వెలిగి ఆరింది.

నేను దగ్గరికి వెళ్ళి నేల మీద దాని ఎదురుగా కూచున్నాను. మానేశావు కదే అని అడిగాను. అది చుట్ట తీయలేదు. మాట లోపల్నుంచే వచ్చింది.

“ముట్టించడం అమ్మ నేర్పినాది. తిప్పడం నాకు ఎవులూ నేర్పనేదప్పా. ఆ మొదటి నాడు నోట్లో ఎట్టుకున్నాను, అదే తిరిగింది. ఆ ఒక్కపాలి తాగింది నానే. తరవాత తాగింది నాను కాదు. అమ్మే తాగతన్నాది. నాను నోరిచ్చినాను, అంతే.”

దయ్యం పట్టిందని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. దాని కళ్ళు నిదానంగానే ఉన్నాయి. కప్పు మీద ఎన్ని రేకులు పోయాయో, ఎవరెవరి పడవలు విరిగాయో ఆ తర్వాత చక్కగా చెప్పింది. నన్ను భయపెట్టింది అదే. పిచ్చిదయితే వైద్యం ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్న మనిషికి ఏం వైద్యం చెయ్యను? చుట్టకి అలవాటు పడ్డవాళ్ళు ఎందరో నాకు తెలుసు. మానలేకపోతున్నాను అన్నవాళ్ళున్నారు, మానను అన్నవాళ్ళున్నారు. తాగుతున్నది నేను కాదన్నది మా చెల్లి ఒక్కతే. ఆలోచిస్తే మిగతా అందరి మాటా అదేనేమో, చెప్పడం రాక ఇంకోలా చెప్పారేమో అనిపిస్తుంది.

ఆ దశాబ్దం చివర్లో దాని అంగిట్లోనూ అదే చోట తెల్లబడింది. అదే ఆసుపత్రి, అదే మెట్లు. ఈసారి టార్చి వేసినప్పుడు వంగి చూసింది నేను. అమ్మ నోటికీ దాని నోటికీ తేడా నాకు తెలియలేదు. మాట పూర్తిగా పడిపోక ముందు, ఆసుపత్రి మంచం మీద, పిల్ల టిఫిను తేవడానికి కిందికి వెళ్ళిన సమయం చూసి, నా చెయ్యి పట్టుకుంది. నొప్పితో ఆగి ఆగి చెప్పింది.

“నాకు సుట్ట ఎట్టకండప్పా. మీరెడితే అది కాలాల. కాలాలంటే ఎవులో ఒకలు తాగాల. నా గుంటదీ నా నోరే.”

అంత ఆలోచించుకుని ఉంది. తన ప్రాణం గురించి ఆ రోజుల్లో అది నన్నేమీ అడగలేదు. పిల్ల నోరు ఒక్కటే అడిగింది. అలాగే పెట్టం అన్నాను. వారం తిరక్కుండా పోయింది.

దినాల్లో దీపం పెట్టారు. అన్నం పెట్టారు, పులుసు పెట్టారు. చిన్నమ్మ అప్పటికి బాగా ముసలిదై, చూపు ఆనక, అయినా తన చేత్తో చుట్ట చుట్టి, దారం కట్టి తెచ్చింది. చెల్లి ఇష్టంగా తాగేది కదా అంది. నేను వద్దని, అది చెప్పి పోయిందని అందరికీ చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. ఇష్టమైనది పెట్టకపోతే తిరుగుతాదని చిన్నమ్మ గొణిగింది. పక్కింటావిడ, చదువుకున్నోలకి సచ్చిపోయినోల ఆకలి తెలీదని నాకు వినపడేటట్టు అంది. గొడవ ఎందుకని మరిది తల వంచుకున్నాడు. అంతలో చిన్నమ్మ ఆ చుట్ట పిల్ల చేతిలో పెట్టింది. నీళ్ళు తెమ్మన్నట్టే అంది, పొయ్యి కాడ ముట్టించుకు రాయే అని.

పిల్ల లేచింది. కాలేజీ చదువుతున్న పిల్ల, తల్లిని పోగొట్టుకున్న పిల్ల, తల్లికి చేసే పనిలో తనకి ఏదో ఒకటి అప్పజెప్పారని మొహం కొంచెం తెరిపిన పడింది. దాని చెయ్యి చుట్ట పట్టుకున్న తీరు చూశాను. ఎవరూ నేర్పినట్టు లేదు, వేళ్ళకి తెలుసు. పొయ్యి దగ్గర వంగింది. నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను వెనకే వెళ్ళి దాని చేతిలోంచి చుట్ట తీసేసుకున్నాను. అది నావంక చూసింది. మీ అమ్మ వద్దంది అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపు వేళ్ళు అలాగే ఉంచుకుని, తర్వాత చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

ముట్టించని చుట్టనే పెంకు మీద పెట్టాను. ముందు తలుపుతో పాటు పెరటి తలుపూ వేసి, గడియ పెట్టి, దాని ముందు నేను కూచున్నాను. సాయంత్రం తలుపు తీస్తే చుట్ట పెట్టినట్టే ఉంది. కొస నల్లబడలేదు, ఆకు తడవలేదు. చిన్నమ్మ ఆ పెంకుని తడిమి చూసి ఏడ్చింది. ఇంట్లో ఎవరూ తినలేదు. ఎవరు చెల్లిని ఎప్పుడు ఏమన్నారో మళ్ళీ తవ్వుకున్నారు. ఈసారి మాటలన్నీ నేను పడ్డాను. దినాలు అయ్యేదాకా రోజూ అంతే. ఆ ఇంట్లో నవ్వు వినపడలేదు. చెల్లి ఆకలితో పోయిందని మా ఊళ్ళో ఈనాటికీ నమ్ముతారు. నమ్మనీ.

ఇదంతా అయి ఏళ్ళు గడిచాయి. చిన్నమ్మ కూడా లేదు. పిల్ల చీపురుపల్లిలో బ్యాంకులో పని చేస్తోంది, మొన్న పన్ను సంగతి ఫోన్లో చెబితే, డాక్టరు ఇంకేమైనా ఉందందా పెద్దమ్మా అనే ముందు అడిగింది. ఏమీ లేదు, పన్ను అరిగింది, అంతే అన్నాను. ఫోన్లో దాని ఊపిరి వినపడింది.

మా తీరాన ఇప్పుడు అడ్డపొగ తాగేవాళ్ళు బాగా తగ్గిపోయారు. చేపలు ఆటోల్లో, ఐసు పెట్టెల్లో వెళ్తున్నాయి, గంప మోసేవాళ్ళు దాదాపు లేరు. కుర్రాళ్ళు దుకాణాల్లో తోరణాల్లా వేలాడే పొట్లాలు చింపుకుంటున్నారు, వాటికి నిప్పూ అక్కరలేదు, ముట్టించి ఇచ్చే పిల్లలూ అక్కరలేదు. సాయంత్రం పూట ఊళ్ళోకి వెళ్తే వీధి దీపాలు వెలుగుతూ ఉంటాయి. గుమ్మాల పక్క చీకటి లేదు, ఆ చీకట్లో ఎర్రగా వెలిగి ఆరే బుగ్గలు లేవు. మంచిదే. అవి పోవాలనే మా చెల్లి కోరుకుంది. పోయాక, ఏ మూల ఎవరు కూచున్నారో నాకు తెలియకుండా పోయింది.

ఈ మధ్య ఒకసారి ఊరి నుంచి తిరిగి వస్తూ కోటబొమ్మాళి స్టేషన్లో బల్ల మీద కూచున్నాను. బల్ల రెండో చివర ఒక ముసలమ్మ, ఖాళీ గంప పక్కన పెట్టుకుని, పెదాలు మూసుకుని కూచుంది. ఎండగా ఉంది కాబట్టి బుగ్గ వెలగలేదు. వాసన మాత్రం వచ్చింది. అమ్మ చీర వాసన, చెల్లి జుట్టు వాసన. నేను లేచి దూరంగా వెళ్ళి కూచోవలసింది. ఒక్క దమ్ముకే దగ్గు వచ్చే మనిషిని కదా. దగ్గు రాలేదు. రైలు వచ్చింది, ఆగింది, ముసలమ్మ గంప తీసుకుని ఎక్కింది, రైలు వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాకు తెలిసింది, అది నేను ఎక్కవలసిన రైలేనని, ఇంతసేపూ నోరు మూసుకుని బుగ్గలు లోపలికి లాక్కుని కూచున్నానని.

డాక్టరు పిల్లకి నేను అబద్ధం చెప్పలేదు. నేను ఎప్పుడూ తాగలేదు.